యునైటెడ్ ఆఖరి తొమ్మిది మ్యాచ్‌లు: నెల్లూరులో నిద్ర మానుకుని చూసినందుకు దక్కిందెంత?

ప్రీమియర్ లీగ్ 2024-25లో మాంచెస్టర్ యునైటెడ్ ఆఖరి తొమ్మిది మ్యాచ్‌లు ఏప్రిల్ 1న మొదలై మే 25న ముగిశాయి. గెలుపు ఒకటి, డ్రాలు రెండు, ఓటములు ఆరు. 27 పాయింట్లకు గాను వచ్చినవి 5. కొట్టిన గోల్స్ 7, ఇచ్చుకున్నవి 14. ఆ ఏడింటిలోనూ మూడు అవతలి జట్టు పదిమందితో ఆడుతున్నప్పుడు పడ్డవే. 810 నిమిషాల ఆటలో మన జట్టు ముందంజలో ఉన్నది ఎంతసేపు అంటే, బ్రెంట్‌ఫర్డ్ మీద 13 నిమిషాలు, ఆస్టన్ విల్లా మీద ఆఖరి పావుగంట. అంతే.

నెల్లూరులో కూర్చుని ఈ జట్టును చూసేవాళ్లు స్టేడియం టికెట్ కొనరు. యాప్ చందా కడతారు, డేటా ఖర్చు పెడతారు, జెర్సీ కొంటారు, నిద్ర మానుకుంటారు. ఆ నాలుగింటికీ తగిన ఆట దొరికిందా లేదా అన్నదే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాం. గురువారం రాత్రి యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో అంచె పోటీ) మ్యాచ్‌లకు దొరికింది, లీగ్ మ్యాచ్‌లకు దొరకలేదు. ఓడిపోయారన్న ఒక్క కోపమే అయితే ఇంత రాయక్కర్లేదు. పోరాడి ఓడే జట్టును ఇష్టంగానే చూస్తాం. ఏప్రిల్ నడుమ నుంచి లీగ్‌ను క్లబ్బే పక్కన పెట్టేసింది, పక్కన పెట్టిన మ్యాచ్‌లను మాత్రం పూర్తి ధరకే అమ్మింది. కడుపు మండేది అక్కడ.

ముందు వేళల సంగతి. మార్చి 30న బ్రిటన్‌లో గడియారాలు గంట ముందుకు జరిగాయి. అందాకా మనకీ వాళ్లకీ అయిదున్నర గంటల తేడా, ఆ తర్వాత నాలుగున్నర. అక్కడ మధ్యాహ్నం 2 అయితే ఇక్కడ సాయంత్రం 6:30, అక్కడ రాత్రి 8 అయితే ఇక్కడ 12:30. తొమ్మిదింటిలో వుల్వ్స్, బోర్న్‌మత్, బ్రెంట్‌ఫర్డ్ 6:30కి పడ్డాయి, వెస్ట్‌హామ్ 6:45కి, విల్లా 8:30కి, సిటీ, న్యూకాజిల్ 9 గంటలకు. నడిరాత్రివి రెండే, ఫారెస్ట్ 12:30కి, చెల్సీ 12:45కి. కాగితం మీద ఇంత అనుకూలమైన వరస దొరకడం అరుదు.

కాగితం మీదే. 6:30 మ్యాచ్‌కు మొదటి సగం 7:15 దాటాక అవుతుంది, రెండో సగం 7:35 ప్రాంతంలో మొదలవుతుంది. 7:30కి ఐపీఎల్. ట్రంకు రోడ్డు మీద టీ అంగట్లో గానీ, హాస్టల్ హాల్లో గానీ, నలుగురు కూర్చునే ఇంట్లో గానీ ఉన్న టీవీ ఒక్కటే. టాస్ పడిందంటే “మిగతాది నీ ఫోన్లో చూసుకో అబ్బయ్యా” అనేస్తారు. ఏప్రిల్ 20న వుల్వ్స్ మ్యాచ్ నాడు సాయంత్రం ఆడింది ముంబై, చెన్నై. చెన్నైకి మూడు గంటల దూరంలో ఉన్న ఊళ్లో ఆ మ్యాచ్ తీసి ఫుట్‌బాల్ పెట్టమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? వుల్వ్స్ గోల్ 77వ నిమిషంలో పడింది, మన టైముకు ఎనిమిది దాటాక. చాలామంది చూడనే లేదు. కాబట్టి 6:30 మ్యాచ్ టీవీలో పూర్తిగా చూడాలనుకుంటే ఐపీఎల్ రోజుల్లో ఆ ఆశ పెట్టుకోవద్దు. మొదటి నుంచే ఫోన్లోనో, విడిగా ఉన్న తెర మీదో పెట్టుకోండి. మే 11 వెస్ట్‌హామ్ మ్యాచ్ నాటికి ఐపీఎల్ వారంపాటు ఆగింది కనక టీవీ ఖాళీగానే ఉంది. ఖాళీ టీవీలో కనబడింది 0-2.

నడిరాత్రి మ్యాచ్‌ది ఇంకో లెక్క. రోజువారీ డేటా ప్యాకు అర్ధరాత్రి 12కి కొత్తగా మొదలవుతుంది. 12:30 మ్యాచ్ మరుసటి రోజు కోటాలోంచి తింటుంది. పూర్తి హెచ్‌డీలో రెండు గంటలకు 3 జీబీ దాకా పోతుంది, రోజుకు 1.5 లేక 2 జీబీ ప్యాకు ఉన్నవాళ్లకు తెల్లారేసరికి ఏమీ మిగలదు. 480పీలో పెడితే ఒకటి, ఒకటిన్నర జీబీతో సరిపోతుంది, ఆరంగుళాల తెర మీద తేడా పెద్దగా తెలియదు. కొన్ని ప్యాకుల్లో రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా వాడింది లెక్కలోకి రాదు, రీచార్జి చేసేటప్పుడు అది చూసుకోవాలి. ఇంట్లో ఫైబర్ ఉంటే డేటా బాధ లేదు, కరెంటు బాధ ఉంది. మే నెల రాత్రుల్లో ఏసీలన్నీ ఒక్కసారి నడిచే వేళ కరెంటు పోతే ఇన్వర్టర్ మీద టీవీ నడవొచ్చు గానీ, రౌటరు ఇన్వర్టర్ లైనులో లేకపోతే బొమ్మ ఆగిపోతుంది. రౌటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, రెండు మూడు గంటలు లాగుతుంది. కొనేముందు అడాప్టరు మీద రాసున్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. ఫైబర్ పెట్టె వేరుగా, వైఫై రౌటరు వేరుగా ఉంటే రెండింటికీ అది ఉండాలి. ఒక్కదానికి పెట్టి లాభం లేదు.

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మీద ఉండే కుర్రాళ్లకు ఈ వేళలు ఇబ్బంది కావు. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ ఎలాగూ మేలుకునే ఉంటారు. గట్టు మీద సిగ్నల్ ఊగుతుంటుంది, ఆటోలో వదిలేయకుండా 480పీలో స్థిరంగా పెట్టుకుంటే బొమ్మ ఆగడం తగ్గుతుంది. ఇంకో జాగ్రత్త అందరికీ పనికొస్తుంది. యాప్‌లో బొమ్మ అసలు ఆట కంటే అరనిమిషం దాకా వెనక ఉంటుంది, స్కోరు నోటిఫికేషన్ ముందే వచ్చి పడుతుంది. మ్యాచ్‌కు ముందు వాట్సాప్ గ్రూపునీ, స్కోరు యాప్‌నీ నోరు మూయించాలి.

చందా విషయంలో ఫిర్యాదు లేదు. ఆ సీజన్లో లీగ్ అంతా జియోహాట్‌స్టార్‌లో వచ్చింది. అప్పట్లో ఫోనుకు మాత్రమే పనికొచ్చే ప్లాను మూడు నెలలకు 149 రూపాయలు, టీవీలోనూ చూసే ప్లాను 299. 149 ప్లాను ఏప్రిల్ 1న కట్టినవాళ్లకు మ్యాచ్‌కు 17 రూపాయల లోపు పడింది, పైగా ఐపీఎల్ కలిసే వచ్చింది. యూరోపా లీగ్ మాత్రం సోనీ లివ్‌లో, దానికి వేరే చందా. రెండూ కట్టినవాళ్లు ఒకే జట్టు రెండు రకాలుగా ఆడటం చూశారు.

ఇక ఆట.

రుబెన్ అమోరిమ్ 2024 నవంబరులో కోచ్‌గా వచ్చి 3-4-3 పెట్టాడు. వెనక ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు, రెండు అంచుల్లో వింగ్‌బ్యాక్‌లు, నడుమ ఇద్దరు, ముందు స్ట్రైకరూ అతని వెనక ఇద్దరూ. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, దాంతోనే లిస్బన్‌లో స్పోర్టింగ్‌కు రెండు లీగ్ టైటిళ్లు తెచ్చాడు. తప్పు చేతిలో ఉన్న మనుషుల్ని చూసుకోకపోవడంలో ఉంది. అంతకుముందున్న కోచ్ నలుగురు డిఫెండర్ల ఆటకు కొన్న జట్టు ఇది. 2024 జులైలో అతని ఒప్పందం పొడిగించి, అతని కోసం ఆటగాళ్లను కొనిపెట్టి, అక్టోబరు 28న పంపించేశారు. జట్టేమో ఒకరి కోసం కట్టినది, దాన్ని ఆడించాల్సింది ఇంకొకరు. అక్కడి నుంచే గట్టు బలహీనపడింది.

నడుమ ఇద్దరే ఉండటం వల్ల ఏమవుతుందో ఏ మ్యాచ్ తీసుకున్నా కనబడుతుంది. ఎదుటి జట్టు నడుమ ముగ్గురిని పెడితే ఒకడు ఎప్పుడూ ఖాళీగా దొరుకుతాడు. వాడిని ఆపడానికి వెనక ముగ్గురిలో పక్కవాడు ముందుకు రావాలి, వస్తే వాడి వెనక సందు ఏర్పడుతుంది. ఆ భయంతో రాకుండా ఉంటే వింగ్‌బ్యాక్‌లు కూడా వెనక్కి జారతారు, ముగ్గురు కాస్తా అయిదుగురవుతారు. అప్పుడు వెనక అయిదుగురికీ ముందు ముగ్గురికీ మధ్య పొలమంత జాగా, అందులో పరిగెత్తేది ఇద్దరు. వాళ్లలో కాసెమిరో వయసు అప్పటికి 33. అరవయ్యో నిమిషానికి కాళ్లు బరువెక్కుతాయి. తొమ్మిది మ్యాచ్‌లలో ఇచ్చుకున్న 14 గోల్స్‌లో ఆరు అరవయ్యో నిమిషం తర్వాత పడ్డవే. ఇది అదృష్టం లేకపోవడం కాదు, లెక్క.

బంతి మన దగ్గర ఉన్నప్పుడూ కష్టమే. ఈ ఆటలో ఎడమవైపు సెంటర్‌బ్యాక్ బంతిని నేల మీద ముందుకు పంపగలగాలి. ఆ పని చేసే లిసాండ్రో మార్టినెజ్ ఫిబ్రవరిలో మోకాలు చెడి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. కుడివైపు మనిషిని దాటి లోపలికి దూసుకెళ్లే అమాద్ డియాలో అదే నెలలో చీలమండ గాయంతో పడి, తిరిగి రావడానికి మే వచ్చింది. ఈ ఇద్దరూ లేకపోతే బంతి పక్కకీ వెనక్కీ తిరుగుతుంది, చివరికి గోల్‌కీపరు పొడుగ్గా కొడతాడు. ముందు హోయ్‌లుండ్ ఒంటరిగా ఇద్దరితో పెనుగులాడుతాడు. లీగ్ మొత్తంలో అతని గోల్స్ 4, జిర్క్‌జీవి 3. స్ట్రైకర్లను తిట్టడం తేలిక. వాళ్లకు అందిన బంతులు ఎన్నో లెక్కపెట్టి తిట్టాలి.

కార్నర్ తీసుకునేటప్పుడు వెనక ఎవరిని ఉంచుతున్నారన్నది మరో లోపం. ఏప్రిల్ 1న ఫారెస్ట్ గోల్ మన కార్నర్ తిరగబడి అయిదో నిమిషంలోనే పడింది. ఒకప్పుడు యునైటెడ్‌లోనే ఆడిన ఎలాంగా సొంత సగం లోపలి నుంచి బంతి తీసుకుని మైదానం పొడవునా ఒక్కడే పరిగెత్తి కొట్టాడు. ఎదురుపడి ఫౌల్ చేసైనా ఆపాల్సిన చోట ఆపే మనిషి లేడు. ఆ తర్వాత 85 నిమిషాలు మనవాళ్లు బంతి తిప్పారు, గోల్ పడలేదు. నిద్ర చెడగొట్టుకున్నవాళ్లకు మొదటి రోజే తెలిసిపోవాల్సింది.

సిటీతో 0-0 గురించి చెప్పడానికేమీ లేదు, రెండు జట్లూ అలిసిపోయి ఉన్నాయి.

ఏప్రిల్ 13న న్యూకాజిల్‌లో 1-4. ఇది వివరంగా చూడాల్సిన మ్యాచ్. జట్టు ఎలా విడిపోతుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పాఠం లేదు. మూడు రోజుల ముందు లియోన్‌లో యూరోపా మ్యాచ్‌లో రెండు గోల్స్‌కు కారణమైన గోల్‌కీపరు ఒనానాను పక్కన పెట్టి, లీగ్‌లో అంతకుముందు ఒక్క మ్యాచ్ కూడా ఆడని బయిందిర్‌ను గోల్‌లో నిలబెట్టారు. 24వ నిమిషంలో న్యూకాజిల్ టొనాలి కొట్టాడు, 37లో మన గార్నాచో సమం చేశాడు. అందాకా పరవాలేదు. విరామం అయిన నాలుగు నిమిషాలకే బార్న్స్ కొట్టాడు. 64లో అదే బార్న్స్ మజ్రావి దగ్గర బంతి లాక్కుని తిన్నగా వెళ్లి మూడోది వేశాడు. 77లో బయిందిర్ కొట్టిన బంతి తిన్నగా ఎదుటివాళ్ల దగ్గరికి పోయింది, గిమరేష్ తలతో నాలుగోది. మూడో గోల్, నాలుగో గోల్ రెండూ మన కాళ్ల దగ్గర నుంచి పోయిన బంతులే. ఒత్తిడి చేసే జట్టు ఎదురైతే ఒక్క పాసు దూరంలో ఆదుకునే మనిషి కనబడడు, అదీ జబ్బు. కొత్త గోల్‌కీపరును ఇంత హోరెత్తే మైదానంలో మొదటిసారి దించడం అతనికీ అన్యాయమే.

వుల్వ్స్ మ్యాచ్‌లో దిగినవి గురువారం లియోన్‌తో రెండు గంటల పైన ఆడిన కాళ్లు, మధ్యలో రెండు రోజుల విశ్రాంతి. సెంటర్‌బ్యాక్‌గా టైలర్ ఫ్రెడ్రిక్‌సన్‌కు అదే మొదటి మ్యాచ్. కుర్రాడు బెదరకుండా ఆడాడు. అప్పుడే మైదానంలోకి వచ్చిన సరాబియా ఫ్రీకిక్ ఒక్కటి కొట్టాడు, మ్యాచ్ పోయింది. బోర్న్‌మత్‌లో 23వ నిమిషం నుంచి వెనకబడి, 70లో ఎవానిల్సన్‌కు రెడ్ కార్డు చూపించాక కూడా పాతిక నిమిషాలు వెతుక్కుని, 96లో హోయ్‌లుండ్ కాలికి తగిలి సమమైంది.

బ్రెంట్‌ఫర్డ్‌తో 3-4 చూసినవాళ్లకు వినోదం దొరికింది, జట్టుకు మాత్రం సిగ్గుచేటు. 17 ఏళ్ల చిడో ఓబీని స్ట్రైకరుగా మొదటి నుంచీ ఆడించారు. ప్రీమియర్ లీగ్‌లో యునైటెడ్ తరఫున మ్యాచ్ మొదలుపెట్టిన ఆటగాళ్లలో అందరికంటే చిన్నవాడు. మౌంట్ 14లో గోల్ కొట్టాడు, 27లో షా కాలికి తగిలి సొంత గోల్ అయింది. బ్రెంట్‌ఫర్డ్ షాడే 33లో ఒకటి, 70లో ఒకటి, 74లో విస్సా. 1-4 అయ్యాక గార్నాచో, అమాద్ చెరొకటి వేశారు. అప్పటికి బ్రెంట్‌ఫర్డ్ ఆట ముగించేసుకుంది. స్కోరు చూసి హోరాహోరీ అనుకోవద్దు.

వెస్ట్‌హామ్‌కు సొంత మైదానంలో 0-2. సూచెక్ 26లో, బోవెన్ 57లో. సొంత మైదానంలో ఓడితే ప్రపంచం మునిగిపోయినట్టు ఉండాలి, జట్టులో ఆ భావం పోతోందని మ్యాచ్ అయ్యాక అమోరిమే ఒప్పుకున్నాడు. మార్చి 9న ఆర్సెనల్ మీద కెప్టెన్ బ్రూనో ఫ్రీకిక్ తర్వాత మన సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్‌కు లీగ్ గోల్ పడింది మే 25నే. పదకొండు వారాలు! అక్కడ స్టేడియంకి వెళ్లేవాళ్ల సంగతి మనకంటే ఘోరం. సీజన్ నడుమలోనే సభ్యుల టికెట్లను 66 పౌండ్లు చేశారు, పిల్లలకూ పెద్దవాళ్లకూ రాయితీ తీసేశారు. ఆర్సెనల్ మ్యాచ్‌కు ముందు అభిమానులు నల్లబట్టలేసుకుని నడిచారంటే ఊరికే నడవలేదు.

ఇంత ఓడినా భయం ఎందుకు లేదంటే, కింద పడే మూడు స్థానాలు ముందే నిండిపోయాయి. సౌతాంప్టన్ ఏప్రిల్ 6నే లీగ్ నుంచి జారిపోయింది, లెస్టర్ 20న, ఇప్స్‌విచ్ 26న. సీజన్ అయ్యేసరికి వాటి పాయింట్లు 12, 25, 22. వుల్వ్స్ చేతిలో ఓడిన నాటికే మన దగ్గర 38 ఉన్నాయి. మామూలు సంవత్సరంలో 38 పాయింట్లతో ఏప్రిల్ ఆఖరులో ఉన్న జట్టు ప్రతి ఆదివారం గుండె చేత్తో పట్టుకుని ఆడాలి. ఆ అవసరమే రాలేదు. అలాగని ఆడటానికి ఏమీ మిగల్లేదన్న మాట నిజం కాదు. ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో స్థానానికి బహుమతి సొమ్ము సుమారు 30 లక్షల పౌండ్లు మారుతుంది. 15వ స్థానానికీ 10వ స్థానానికీ మధ్య కోటిన్నర పౌండ్లు. ఉద్యోగులను వందల్లో తీసేసి, సిబ్బంది భోజనం ఖర్చు దగ్గర కూడా కోత పెట్టిన క్లబ్బుకు అది చిన్న మొత్తమా?

యూరోపా మీద అంతా ఒడ్డడం తప్పు కాదు. గెలిస్తే యూరప్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌లో చోటు. టోటెన్‌హామ్ అదే పని చేసి లీగ్‌లో 17వ స్థానానికి దిగజారినా మే 21న బిల్బావోలో కప్పు ఎత్తింది, మన మీదే, 1-0తో. ఆ సీజన్లో నాలుగుసార్లు తలపడితే నాలుగుసార్లూ వాళ్లే గెలిచారు. అంటే పందెం సరైనదే, ఫైనల్లో ఎదురయ్యే జట్టుకు మందు కనిపెట్టలేకపోయారు. మన అసలు ఫిర్యాదు వేరే ఉంది. లీగ్‌ను వదిలేసుకున్నప్పుడు దాన్ని కుర్రాళ్లకు బడిగా వాడుకోవాలి. ఫ్రెడ్రిక్‌సన్‌కీ, ఓబీకీ, అమాస్‌కీ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఇస్తే వచ్చే ఏడాదికి ఎవరు పనికొస్తారో తేలేది. ఒక ఆదివారం ఒకరిని దించి, మరో ఆదివారం పక్కన కూర్చోబెట్టి, సగం అలిసిన పెద్దవాళ్లతో కలిపేసరికి గెలుపూ రాలేదు, చదువూ రాలేదు.

దక్కిన రాత్రులు కూడా చెప్పాలి. ఏప్రిల్ 17న, మనకు తెల్లారితే శుక్రవారం, లియోన్‌తో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 5-4. 2-0 నుంచి 2-2కి జారి, అదనపు సమయంలో పదిమంది ఉన్న లియోన్‌కే మరో రెండు ఇచ్చుకుని, 114లో బ్రూనో పెనాల్టీ, 120లో మైనూ, మరునిమిషం మగ్వైర్ తల. ఇక్కడ మూడు గంటలు దాటింది, ఇంట్లోవాళ్లు నిద్రలేచేలా అరిచినా తప్పు లేదు. బిల్బావోలో 3-0తో సెమీఫైనల్ మొదటి మ్యాచ్ కూడా అంతే గట్టిది. అదే మనుషులు, అదే 3-4-3. తేడా ఏమిటంటే ఆ రాత్రుల్లో వింగ్‌బ్యాక్‌లు పైన నిలబడ్డారు, పక్క సెంటర్‌బ్యాక్‌లు ముందుకు అడుగేశారు. చేయగలరని తెలిశాక ఆదివారాలు ఇంకా బాధించాయి.

నిద్ర పెట్టాలా వద్దా అన్నది మొదటి పావుగంటలోనే తెలుసుకోవచ్చు. మన గోల్‌కీపరు చేతిలో బంతి ఉన్నప్పుడు వింగ్‌బ్యాక్‌లు ఎక్కడున్నారో చూడండి. మధ్యగీత దగ్గర ఉంటే ఆడే ఉద్దేశం ఉన్నట్టు, సెంటర్‌బ్యాక్‌ల వరసలోనే ఉంటే ఆ రాత్రి అయిదుగురి గోడే. పక్క సెంటర్‌బ్యాక్ పాసు ముందుకు, స్ట్రైకరు వెనకున్న ఇద్దరిలో ఒకరికి చేరుతోందా, మళ్లీ గోల్‌కీపరుకే వస్తోందా? మొదటి కార్నర్ పడినప్పుడు వెనక ఇద్దరిని ఉంచారా, ముగ్గురినా? ఈ మూడూ చెడ్డగా ఉంటే ఫోను పక్కన పెట్టి పడుకోండి, ఉదయం కాఫీతో పది నిమిషాల హైలైట్స్ చాలు. మే 16న చెల్సీ మ్యాచ్ అలాంటిదే. 71లో కుకురెయా తలతో కొట్టిన ఒక్క గోల్ కోసం రెండున్నర దాకా మేలుకోవాల్సిన పని లేదు.

జెర్సీ కొనాలనుకునేవాళ్లకు రెండు మాటలు. సీజన్ చివర పాత జెర్సీ ధర తగ్గుతుంది, జులైకి కొత్తది వస్తుంది కాబట్టి. కొనడానికి మంచి వేళే, పేరు వేయించుకోవడానికి మాత్రం చెడ్డ వేళ. రాష్‌ఫర్డ్ విల్లాకు, ఆంటొనీ బెటిస్‌కు, సాంచో చెల్సీకి అప్పుగా వెళ్లిపోయారు. గార్నాచో ఉంటాడో లేదో అప్పటికి తేలలేదు. పేరు లేకుండా తీసుకోండి, లేదంటే బ్రూనో 8 ఒక్కటే నమ్మకం. ఆ సీజన్లో లీగ్‌లో 8 గోల్స్ కొట్టి, 10 కొట్టించినవాడు అతనే. ఊళ్లో ప్రింటు వేయించేటప్పుడు చూసుకోవాల్సింది వేడి. ఎర్ర పాలిస్టర్ మీద తెల్ల అక్షరాలను మరీ వేడి ప్రెస్ కింద ఎక్కువసేపు ఉంచితే గుడ్డలోని ఎరుపు పైకెక్కి అక్షరం రెండు వారాల్లో గులాబీ రంగుకు తిరుగుతుంది. వేడి చాలకపోతే నాలుగు ఉతుకుల్లో అంచులు లేస్తాయి. రంగు ఎక్కకుండా ఆపే అడుగుపొర ఉన్న స్టిక్కరు, తక్కువ వేడికి అంటుకునే రకం ఉందా అని అడగండి, లేకపోతే వేయించొద్దు. ఇంట్లో తిరగేసి చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేయాలి. ఈ ఎండలో మేడ మీద వేస్తే ఎంత మంచి ప్రింటైనా నెల్లాళ్లు నిలవదు.

2025-26 సీజన్లో యునైటెడ్‌కు యూరప్ పోటీ ఏదీ లేకపోయింది, 2014-15 తర్వాత అదే మొదటిసారి. కాబట్టి రెండో చందా కట్టక్కర్లేకపోయింది, గురువారం రాత్రులు నిద్ర దక్కింది. గురువారం మ్యాచ్‌లు లేవు కనక అలసట సాకు కూడా లేకపోయింది. ఏ సీజన్‌కైనా ఏడాది చందా ఒకేసారి కట్టకుండా ఆగస్టుకు మూడు నెలలది తీసుకుని, అక్టోబరు చివర పట్టిక చూసి పొడిగించుకోవడం మేలు.

ఇప్పుడు తిరిగి చూడదగ్గవి మూడే. లియోన్ మ్యాచ్ 70వ నిమిషం నుంచి చివరిదాకా. న్యూకాజిల్ మ్యాచ్ రెండో సగం, మిడ్‌ఫీల్డ్ ఎలా తెగుతుందో నేర్చుకోవడానికి. మే 25 విల్లా మ్యాచ్, రోహిణి కార్తె మొదలైన రాత్రి. అందులో విల్లా గోల్‌కీపరు మార్టినెజ్‌కు విరామానికి ముందు రెడ్ కార్డు పడింది, రెఫరీ తొందరపడి విజిల్ వేయడంతో రోజర్స్ గోల్ చెల్లలేదు, కాబట్టి గెలుపును మరీ నెత్తిన పెట్టుకోవద్దు. 76వ నిమిషంలో అమాద్ గాలిలోకి లేచి తలతో కొట్టినప్పుడు ఓల్డ్ ట్రాఫర్డ్ ఎలా అరిచిందో మాత్రం వినండి, పదకొండు వారాల తర్వాత సొంత మైదానంలో పడ్డ మొదటి లీగ్ గోల్ అది.